హార్మోనియం మెట్ల మీద అఆలు

మొన్న బడి సెలవులకు వచ్చిన మనవరాలు నా రేకుపెట్టె సర్దుతూ అడుగునున్న పాత నోటుబుక్కు బయటికి తీసి, "ఇదేంది అమ్మమ్మా, అక్షరాలన్నీ ఎట్ల పడితే గట్ల రాసినవ్?" అని పడీపడీ నవ్వింది. నిజమే, పేజీల నిండా చ, ఈ, ఈ, గ, క అంటూ ఏ మాటా కాని అక్షరాలే. అవి రాసేనాటికి నాకు నలభై దాటాయి. నాలాగే ఆ వయసులో పలక పట్టినవాళ్లకు ఆ వేళ్ల నొప్పి సంగతి నేను చెప్పనక్కర్లేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, టేకులపల్లి అవతల అడవి అంచు ఊళ్లో, పొద్దున బీడీల తునికాకు కోసుకొచ్చి సాయంత్రం చదువుల కేంద్రానికి పోయేదాన్ని. కూడబలుక్కోవడం వచ్చాక పంతులమ్మ నా చేతిలో పెట్టిన మొదటి పుస్తకం, సినిమాలకు మాటలు రాని రోజుల్లో వాటికి సంగీతం కట్టిన ఒక జర్మనీ ఆయన జీవితం. ఆమె సంచిలో పెద్ద అచ్చు ఉన్నది అదొక్కటే మరి.

మధ్యాహ్నం పూట నాయన ఆకు కట్టలు కడుతుంటే పక్కన కూర్చుని చదివేదాన్ని. నాయన వీధి భాగవతాలకు నలభై ఏళ్లు హార్మోనియం వాయించినవాడు. ఊరూరా సీడీలు వచ్చి మేళం చెదిరిపోయాక ఆ పెట్టె మీద గోనెపట్టా కప్పి మళ్లీ ముట్టుకోలేదు. జర్మనీ ఆయన మొదట్లో సారా అమ్మే హాలులో తెర కింద పియానో ముందు కూర్చుని, బొమ్మ నడిస్తే నడకనూ ఏడిస్తే ఏడుపునూ వాయించేవాడని చదవగానే నాయన మొహం వెలిగింది. "అవ్! వేషగాడు తెర దాటంగనే నేను దరువు ఎత్తుకుంటుంటి గదా? గాయన మనోడే," అన్నాడు. అసలు పేరు మా ఇద్దరికీ నోరు తిరగక, జర్మనీ బావ అని పిలుచుకున్నాం.

ఆ బావ పెద్ద పెద్ద హాళ్లలో పదుల మంది వాద్యగాళ్లకు సంగీతం రాసిచ్చేంత వాడయ్యాడు. అంతలో బొమ్మకు మాట వచ్చింది, తెర కింద వాయించేవాళ్లను ఇళ్లకు పంపేశారు. అక్కడ నాయన చేతిలో కట్ట ఆగిపోయింది. "బంద్ చెయ్ బిడ్డా, అటెన్క సంగతి నాకెరుకే," అని లేచిపోయాడు.

మిగతాది నేనొక్కదాన్నే చదువుకున్నాను. దొరతనం మారి ఆయన దేశం విడిచిపోవలసి వచ్చింది, పరాయి ఊళ్లో కిరాయి గదిలో పిల్లలకు పియానో నేర్పుతూ కన్నుమూశాడు. చాలా ఏళ్లకు ఆయన రాసిన కాగితాల కట్ట ఎవరింటి అటక మీదో దొరికింది, దాన్ని చూసి మళ్లీ వాయించారు. ఆ ఒక్క పేజీ పట్టుకుని నాయన దగ్గరికి ఉరికాను. రెండుసార్లు చదివించుకుని, గోనెపట్టా తీసి, "నావి గూడ రాయవే. నేను పోయినంక గిట్లనే ఎవలకన్న దొరుకుతయ్," అన్నాడు.

ఆయనకు స్వరాల పేర్లు తెలియవు, వేళ్లకే తెలుసు. నాకు తెలిసినవి అఆలే. అందుకని కాగితం ముక్కలు గంజితో అంటించి ఎడమ నుంచి కుడికి ఒక్కో మెట్టుకు ఒక్కో అక్షరం ఇచ్చాను. ఆయన ఎడమచెయ్యి అప్పటికే గాలితిత్తి ఆడించేంత సాగడం లేదు, దాన్ని నేనే ఆడించేదాన్ని. ఒక వరస వాయించి, మళ్లీ అదే మెట్టుమెట్టుగా తాకి చూపిస్తే రాసుకునేదాన్ని. "జల్దీ రాయి, జర్మనీ బావ ఇంత నిదానమైతే సినిమా అయిపోతుండె," అని వెక్కిరించేవాడు. ఇరవై ఒక్క దరువులు రాశాక, వానలు నడుస్తుండగా నాయన పోయాడు.

ఇదంతా విని మనవరాలు తన చిన్న కీబోర్డు మీద అక్షరాలు అంటించి మొదటి దరువు వాయించింది. ఒక్క అక్షరం తప్పలేదు, కానీ అది నాయన దరువు కాదు. ఏ మెట్టు మీద ఎంతసేపు నిలవాలో నేను రాయనే లేదు. అదీ రాయాలని ఆనాడు నాకు తెలియదు. పిల్ల మొహం చిన్నబోయింది. ఏంచేయాలో తోచక కళ్లు మూసుకుంటే, నా చెయ్యి గాలిలో తిత్తి ఆడించడం మొదలుపెట్టింది. "ఇది ఆగిన కాడ ఆగు," అన్నాను. కాసేపటికి రాజువేషం తెర దాటి వచ్చినట్టే అయింది.

ఇప్పుడు పాట కావాలంటే ఫోను మీద వేలు పెడితే చాలు, గాలి కొట్టే మనిషి అక్కర్లేదు. పిల్ల మాత్రం పెన్సిలు తీసి, నా చెయ్యి ఆగిన ప్రతిచోటా అక్షరం పక్కన చుక్క పెట్టుకుంటోంది. ఇంకా ఇరవై దరువులున్నాయి. ఈ చేతికి అన్నీ గుర్తున్నాయో లేదో.