సబ్బునురుగు ముందు ఒక టీ

మా మేస్త్రీ పోయారని మంగళవారం పొద్దున ఫోను వచ్చింది. ఆయన చేసిన వాల్వు గుండా భూమిలోకి గ్యాస్ పంపేది గురువారం. రెండు రోజులు ఆగలేకపోయారా అని నాకు దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది.

పీణ్య పారిశ్రామికవాడలోని చిన్న షాపులో నాకు లేతు పని నేర్పింది ఆయనే. వయసులో ఉన్నప్పుడు హిందూపురంలో గోలీసోడాలు పట్టి అమ్మిన మనిషి. ఫ్యాక్టరీ పొగలోంచి బొగ్గుపులుసు వాయువును పట్టి, గాలిలో కలిసి ఎండలు పెంచకుండా లోతున రాతిపొరల్లో దాచేస్తామని వాల్వు చేయించుకోవడానికి వచ్చిన ఇంజనీర్లు చెబితే మేం నోళ్ళు తెరిచాం. ఆయన నవ్వేశారు.

"నేను సీసాలో పట్టింది ఈ గ్యాసే గదప్పా! సోడాకి గోలీ మూత, దీనికి పైన గట్టి రాయి మూత. నడాన మన వాల్వు ఉండాది. అది కారిందంటే అంతా గోవిందా."

ఆ రోజు నుంచి ఆయన్ని పట్టలేకపోయాం. అరవై దాటిన మనిషి, అందరికంటే ముందొచ్చి షట్టరు తీసేవారు.

వాల్వులో గాలి నింపి, జాయింట్ల మీద బ్రష్షుతో సబ్బునీళ్ళు పూస్తాం. కారుతుంటే బుడగ లేస్తుంది. పూసినాక ఒక టీ తాగేదాకా ఎవరూ 'బాగుంది' అనకూడదు. అది మా షాపు కట్టుబాటు. ఆ వాల్వు తీసుకెళ్ళే లారీ బయట నిలబడి ఉందని తొందరపడి, నేను నిమిషం చూసి తుడిచేశాను. ఆయన తిట్టలేదు, మళ్ళీ పూశారు.

"తాళు పాపా. పెద్ద లీకు బుస్సుమంటాది, చిన్నది టీ తాగినాక పలుకుతాది."

సగం గ్లాసుకి ఆవగింజంత బుడగ లేచింది. నేను సిగ్గుతో తలెత్తలేదు. ఆయనేమో దొంగను పట్టినంత సంబరంగా లారీని ఖాళీగా పంపేశారు. వారం రోజులు కూర్చుని మళ్ళీ చేశారు.

బుధవారం ఆయన్ని మట్టి చేశాం. గురువారం ఆయన బ్రష్షు సంచిలో వేసుకుని, గ్యాస్ దింపే బావి దగ్గరికి వెళ్ళాను. గ్యాస్ దిగింది. మీటర్లు చూసి అందరూ చప్పట్లు కొట్టారు. నేను సబ్బునీళ్ళు పూశాను.

"మీటర్లున్నాయి కదా మేడం" అన్నాడో ఇంజనీరు.

"ఉండనీండి సార్. టీ తెప్పించండి."

గ్లాసులు పట్టుకుని అందరం వాల్వు చుట్టూ నిలబడ్డాం. టీ అయిపోయింది. ఒక్క బుడగ లేదు! గంతులేయాలనిపించింది, కళ్ళు కూడా నిండాయి. ఇంకో టీ అడిగాను, మేస్త్రీ వంతుది. అదీ తాగేదాకా చూశాను.

నురుగు ఎండకు ఆరి వాల్వు మీద తెల్లటి మరకైంది. ఈసారి నేను తుడవలేదు.