పక్క బెడ్డు మనిషితో చెప్పిన మాటలు

2023 వానాకాలం. మెదక్‌లో ఒక ప్రైవేటు దవాఖానా, అందులో డయాలసిస్ యూనిట్. నేను అక్కడ స్టాఫ్ నర్సును. కిడ్నీలు పనిచేయనివాళ్ల రక్తాన్ని మెషిన్‌లోకి పంపి, శుభ్రం చేసి, మళ్లీ ఒంట్లోకి ఎక్కించడమే డయాలసిస్. వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా గంటల తరబడి, ఒక చేయి కదపకుండా పడుకోవాలి. టీవీ ఎంతసేపని చూస్తారు? చివరికి పక్క బెడ్డు మనిషితో మాట కలుస్తుంది. ఇంట్లో నోరు విప్పనివాళ్లు అక్కడ విప్పడం చాలాసార్లు చూశాను. ఆ మాటలమీద ఒక భార్య అసూయపడటం మాత్రం ఒక్కసారే చూశాను.

ఆమె సుగుణమ్మ. భర్త సామేలు సార్ రిటైర్డ్ హెడ్మాస్టర్. వాళ్లదీ మా చర్చే. ఆదివారం సార్ లేచి ప్రార్థన చేస్తే వెనక వరసలో పిల్లలు కూడా గప్‌చుప్. ఆయన డయాలసిస్‌కు వచ్చిన ప్రతిసారీ సుగుణమ్మ టిఫిన్ డబ్బాతో వచ్చేది. ఇన్ఫెక్షన్ భయానికి వెంట వచ్చినవాళ్లను లోపల ఉండనివ్వం కాబట్టి, అద్దాల తలుపు అవతల బల్లమీద కూర్చుని ఆయన్నే చూస్తుండేది. లోపల సార్ ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవారు కాదు. ఎట్లున్నరు సార్ అంటే "దేవుని కృప" అనేవారు, అంతే.

అట్లాంటి సార్ పక్క బెడ్డుకు డేవిడ్ వచ్చాడు. తూప్రాన్ హైవే మీద టైర్ల దుకాణం అతనిది. ముప్పై దాటి ఎక్కువ కాలేదు, అప్పటికే కిడ్నీలు పోయాయి. మొదటిరోజు సూది చూసి వణికిపోతుంటే సార్ అన్నారు, "భయపడకు తమ్మీ. ప్రార్థన చేస్త."

"చేద్దురు గని సార్, ముందు జర ఒకటి చెప్పుండ్రి," అన్నాడు డేవిడ్. "గీ సూది గుచ్చినప్పుడల్లా మీకు దేవుడు యాదికొస్తడా, కోపమొస్తదా?"

నేను ట్యూబులు బిగిస్తున్నాను. సార్ తల తిప్పి అతని వైపు చూశారు. కోప్పడతారేమో అనుకున్నాను.

"కోపమే వస్తది తమ్మీ," అన్నారు మెల్లగా. "ఇన్నేండ్ల సంది ఎవరూ అడగలే."

ఆ రోజుతో మొదలైంది. దేవుడు వింటున్నాడా, వింటే ఎందుకు ఊకున్నాడు, నమ్మకం ఉన్నవాడికి భయం ఉండొచ్చా... ఒకరు చెప్తుంటే ఒకరు వినేవారు. ఒకసారి ఇద్దరూ నవ్వారు. ఇంకోసారి సార్ కళ్లు తుడుచుకున్నారు. సుగుణమ్మ అద్దంలోంచి అంతా చూస్తూనే ఉంది.

అంతకుముందు ఆమె ఉడకబెట్టిన గుడ్ల తెల్లసొన డేవిడ్‌కూ పంపేది. డయాలసిస్‌లో పోయే ప్రోటీన్ కోసం మేమే తినమంటాం. అది ఆగిపోయింది. అతను "వందనాలమ్మా" అంటే ఆమె డబ్బా మూత సర్దుకుంటూ తల తిప్పేసేది. ఒకరోజు నన్ను కారిడార్‌లో ఆపింది.

"సిస్టర్, మా సార్ బెడ్డు మార్చుండ్రి. ఏసీ గాలి తలుగుతుంది."

"ఏసీ అటువైపు కదమ్మా ఉన్నది."

ఆమె ముఖం ఎర్రబడింది. "ఆడమనిషి అయితే కొట్లాడేదాన్ని. గా పిలగానితోని ఏమని కొట్లాడాలె? ఇంట్ల రోజూ మోకాళ్లమీద కూసుంటం, ప్రార్థన చేస్తం, లేస్తం. గంతే. గిక్కడేమో నవ్వుతుండు, ఏడుస్తుండు. ఏం మాట్లాడుకున్నరని అడిగితే ఏం లేదంటడు. నాకియ్యని మనసు వానికి ఎట్ల ఇచ్చిండు సిస్టర్?"

చూస్తానని మాత్రం అన్నాను. ఆ పొద్దున్నే సార్ డేవిడ్‌తో అన్న మాట ఒకటి అప్పటికే నా చెవిన పడింది. "ఇది ఆపేద్దామనుకుంటున్న తమ్మీ. ఆపేస్తే అవిశ్వాసమా?" డయాలసిస్ ఆపడమంటే కొద్దిరోజుల్లో ప్రాణం పోవడమే. వెంటనే డాక్టర్‌కు చెప్పాను. ఆయన వచ్చి విడిగా అడిగితే అసలు సంగతి బయటపడింది. ప్రతి సెషన్ చివర సార్‌కు కాళ్ల పిక్కలు భరించలేనంత పట్టేస్తున్నాయి. పెద్దమనిషి అరవడం ఏం బాగుంటుందని పళ్లు బిగబట్టి ఓర్చుకుంటున్నారు. డాక్టర్ డ్రై వెయిట్ సరిచేశారు. ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండే బరువును అట్లా అంటాం. దాన్ని తక్కువగా లెక్కేస్తే మెషిన్ అవసరానికి మించి నీరు లాగేస్తుంది, పిక్కలు పట్టేస్తాయి.

"అమ్మకు చెప్పిండ్రా సార్?" అని అడిగాను.

"ఆమెకు చెప్పబోతే ఎంటనే కళ్లు మూసుకుని ప్రార్థన మొదలువెడ్తది. నా మాట సగంలనే ఆగిపోతది సిస్టర్."

ఆయన మాట ఆమెకు చేరవేసే హక్కు నాకు లేదు. బెడ్డు మార్చడానికి మనసు రాలేదు. డాక్టర్ అనుమతి, సార్ ఒప్పుకోలు తీసుకుని, మాస్కు పెట్టించి, సుగుణమ్మను లోపలికి తెచ్చి రెండు బెడ్ల నడుమ స్టూల్ వేశాను.

సార్ గొంతు సవరించుకున్నారు. "సుగుణా, నాకు మస్తు అలసటగ ఉన్నది..."

ఆయన అన్నట్టే ఆమె కళ్లు మూసుకుంది. "పరలోకమందున్న తండ్రీ..."

"అమ్మా," అన్నాడు డేవిడ్, "సార్‌ను జర చెప్పనియ్యుండ్రి. చెప్పినంక ప్రార్థన చేద్దాం."

ఆమె చివుక్కున కళ్లు తెరిచింది. "మా ఆయన సంగతి నువ్వు నాకు చెప్తవా? ఎవడివిరా నువ్వు?"

డేవిడ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అప్పుడు సార్ ఆమె చేయి పట్టుకున్నారు. "ఇది ఆపేసి పోదామనుకున్న సుగుణా. దేవుని మీద నాకు కోపమున్నది. నీకు చెప్పనీకి భయమైంది."

ఆమె బైబిల్ వాక్యం చెప్పలేదు. ఏడుస్తూ అంది, "నాకు లేదా కోపం? ఆయన మీద, మీ మీద గూడ. పెండ్లయిన కాన్నుంచి మీ పక్కన నిలబడి ఆమెన్ అంటున్న. ఆమెన్ గాక నా మనసుల ఏమున్నదో ఒక్కనాడన్న అడిగిండ్రా?"

సార్ ఆమెను కొత్తగా చూసినట్టు చూశారు. "లే. అడగలే," అన్నారు. ఆమె చేయి వదలకుండానే, "ఇప్పుడు చెప్పు," అన్నారు.

ఆమె చెప్పింది. నేను కర్టెన్ లాగి అవతలికి వచ్చేశాను.

సార్ డయాలసిస్ ఆపలేదు. పిక్కల నొప్పి తగ్గింది, రెండేళ్ల దాకా వస్తూనే ఉన్నారు. సుగుణమ్మ తెచ్చే గుడ్డు మళ్లీ డేవిడ్‌కు అందింది, కానీ ఆమె మనసు అతనితో పూర్తిగా కలిసిందని చెప్పలేను. అతనూ సార్ మాట్లాడుకుంటుంటే అప్పటికీ మెడ సాచి చూసేది.

మా క్రైస్తవుల్లో ఒక అలవాటుంది. ఎదుటివాళ్లు బాధ చెప్పడం మొదలుపెట్టగానే "ప్రార్థన చేస్తాను" అంటాం. మంచి మాటే. కానీ చాలాసార్లు అది చెప్పే నోటికి మూతవుతుంది. ఈ కేసు తర్వాత నేను ముందు అడగడం నేర్చుకున్నాను. విన్నాకే చేతులు జోడిస్తాను.

సార్ పోయాక సుగుణమ్మను పలకరించడానికి వెళ్లాను. బయట డేవిడ్ కుర్చీలు వేస్తున్నాడు. ఆమె కిటికీలోంచి అతన్ని ఒకసారి చూసి, నా చేయి పట్టుకుని గొంతు తగ్గించింది.

"ఏమనుకుంట పోయిండో నాకు తెల్సు సిస్టర్. అన్నీ చెప్పిండు." మళ్లీ కిటికీ వైపు చూసింది. "వానికంటె నాకే ఎక్కువ చెప్పిండు."