మా ఆయన మీద విచారణ

మా ఆయన మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన చేతికొచ్చిన మనుషులు రెండు మాటలు మాట్లాడి నిద్రలోకి జారుకునేవాళ్ళు. అందుకేనేమో, ఇంటిపట్టున ఉండడం మొదలయ్యాక మెలకువగా ఎవరు దొరికినా ప్రశ్నలు వేయడం అలవాటు చేసుకున్నారు. కూరగాయల కొట్లో అమ్మాయిని, పక్కింటి అమెరికన్ ముసలాయన్ని, ఫోన్‌లో మా కూతుర్ని, ఎవర్నీ వదలరు. "అది నీకెలా తెలుసు?" అన్నదే ఆయన నోట ఎక్కువగా వచ్చే మాట.

అమెరికాలో మేముండే ఊరు నోవైలో మా ఈడు తెలుగువాళ్ళం శనివారం పొద్దున పబ్లిక్ లైబ్రరీలో ఒక గదిలో కలుస్తాం. ఎవరో ఒకరు తమకు తెలిసిన విషయం చెబుతారు. తర్వాత ఇళ్ళ నుంచి తెచ్చుకున్న ఉప్మా, పులిహోర తింటాం. ఈ గుంపును నడిపేది కార్ల కంపెనీలో ఇంజినీరుగా చేసిన ఒకాయన. మా ఆయనకు పాత స్నేహితుడు. నన్ను వదినగారూ అంటారు.

ఒక చలికాలంలో, మాలోనే ఒకరు, పూర్వం కాలేజీలో లెక్కలు చెప్పిన మాస్టారు, రాగి చెంబులో రాత్రంతా ఉంచిన నీళ్ళ గురించి మాట్లాడారు. తన షుగర్ ఆ నీళ్ళతోనే తగ్గిందనీ, మాత్రలు మానేశాననీ, ఎవరైనా మానెయ్యవచ్చనీ చెప్పారు. చాలా శ్రద్ధగా తయారై వచ్చారు. పెద్ద కాగితాల మీద రంగు పెన్నులతో బొమ్మలు కూడా గీసుకొచ్చారు.

మా ఆయన చెయ్యెత్తారు. "తగ్గిందని ఎలా తెలిసిందండీ? టెస్ట్ చేయించారా?"

"ఒంట్లో తెలుస్తుంది కదండీ, డాక్టర్‌గారూ."

"ఒంట్లో తెలిసేదైతే, షుగర్ ఉందని మొదట మీకు డాక్టర్ ఎందుకు చెప్పాల్సొచ్చింది?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు తడబడ్డారు. ఆ రోజుల్లోనే వాకింగ్ మొదలుపెట్టాననీ, అన్నం కూడా తగ్గించాననీ ఒప్పుకున్నారు.

"మరి క్రెడిట్ కాళ్ళకివ్వకుండా చెంబుకెందుకు ఇస్తున్నారు?" అన్నారు మా ఆయన.

గదంతా గొల్లుమంది. మా ఆయనా నవ్వారు. మాస్టారు కాగితాలు చుట్టుకుని, ఏమీ తినకుండానే కోటు వేసుకుని వెళ్ళిపోయారు. మరుసటి శనివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

ఇంజినీరుగారు మా ఇంటికి వచ్చారు. "ఒక్క ఫోన్ చేసి సారీ చెప్పెయ్యండి డాక్టర్‌గారూ, పోయేదేముంది?"

"ఏం తప్పు చేశానో చెప్పు, ఇప్పుడే చేస్తాను. ఆయన మాట విని ఎవరైనా మందులు మానేస్తే? అడక్కుండా ఊరుకుంటే అదీ తప్పు."

"అడగడం తప్పని నేనన్లేదు. అడిగిన తీరు..."

"తీరుకి కూడా కేసు పెడతారా?"

మాటా మాటా పెరిగింది. చివరికి ఇంజినీరుగారు విసిగిపోయి, "మీతో పెట్టుకోవడం నాదే బుద్ధి తక్కువ. చెవిలో జోరీగ నయం!" అన్నారు.

కోపం తెచ్చుకోవాల్సింది పోయి మా ఆయన ముఖం వెలిగిపోయింది. ఆ రోజుల్లో ఆయన ప్రాచీన గ్రీసులో ఏథెన్స్ నగరంలో ఉండిన ఒక తత్త్వవేత్త గురించి చదువుతున్నారు. ఆ ముసలాయన బజారులో పెద్దమనుషుల్ని పట్టుకుని ప్రశ్నలడిగేవాడట. కుర్రవాళ్ళని చెడగొడుతున్నాడనీ, ఊరి దేవుళ్ళని నమ్మడనీ నేరం మోపి పౌరులే విచారించారట. నిద్రమత్తులో ఉన్న పెద్ద గుర్రం లాంటి ఈ ఊరిని లేపడానికి వచ్చిన జోరీగని నేను అని ఆయన తన గురించి తానే చెప్పుకున్నాడట.

"వచ్చే శనివారం ఎవరి ప్రసంగమూ లేదుగా. ఆ విచారణ మనం చేద్దాం. నువ్వు ప్రాసిక్యూటర్‌వి, నేను ముద్దాయిని. అందరూ ఓటెయ్యండి," అన్నారు మా ఆయన.

ఇంజినీరుగారు కాలేజీ రోజుల్లో నాటకాలు వేసినవారు. బతిమాలించుకోకుండానే ఒప్పుకున్నారు.

ఆ వారమంతా మా డైనింగ్ టేబుల్ దగ్గర ఒకటే రిహార్సల్. తత్త్వవేత్త శిక్షగా ఇచ్చిన విషం తాగి చనిపోయే ఘట్టం మా నాటకంలో లేకపోయినా, మా ఆయన అదీ చదివి నాకు చెప్పారు. "ముందు పాదాలు మొద్దుబారతాయి, తర్వాత మెల్లగా పైకి ఎక్కుతుంది. అచ్చం వెన్నులో మత్తు సూది, స్పైనల్, ఇచ్చినట్టే. కాలు గిల్లి, తెలుస్తోందా అని అడిగారట. నేనూ రోజూ అదే అడిగేవాణ్ణి." పుస్తకం మూసేసి, "నేనడిగినవాళ్ళు మళ్ళీ లేచి నడిచారు," అన్నారు.

శనివారం మంచు పడుతున్నా గది నిండింది. మాస్టారు మాత్రం రాలేదు. మా ఆయన స్వెటర్ మీద తెల్ల దుప్పటి చుట్టుకున్నారు. ఇంజినీరుగారు గ్రాంథికంలో మొదలుపెట్టారు గానీ, రెండో నిమిషానికే ఏథెన్స్ వదిలేసి నోవైకి వచ్చేశారు. "ఈ మనిషి పదిమందిలో నిలబెట్టి పెద్దవాళ్ళ పరువు తీశాడు. కావాలంటే తర్వాత పక్కకు పిలిచి అడగొచ్చుగా? అడగడు. ఆడియన్స్ ఉండాలి ఈయనకి!"

మా ఆయన లేచారు. "నాకు తెలియదన్న సంగతి నాకు తెలుసు. ఎదుటివాళ్ళకి తెలుసేమోనని అడిగాను. వాళ్ళకీ తెలియదని తేలితే కోపం నా మీదెందుకు? పెళ్ళాం పిల్లల్ని తెచ్చి నిలబెట్టి జాలి చూపించమని అడగను." అందరూ నావైపు చూసి నవ్వారు. ఆయన నవ్వలేదు. "డెబ్బై దాటినవాణ్ణి. ఇప్పుడు భయపడి మాట మారిస్తే, ఇన్నేళ్ళూ అడిగిందంతా ఆటకి అడిగినట్టవుతుంది."

ఆ చివరి మాట నటన కాదని నాకు తెలుసు.

అప్పుడు వెనక వరసలోంచి ఒకావిడ లేచారు. ఎప్పుడూ నోరు విప్పని మనిషి. కొడుకు దగ్గర ఉంటారు. "నేను సాక్ష్యం చెప్పొచ్చా?" అన్నారు. ఇంజినీరుగారు తలూపారు.

"మాస్టారుగారు నాకు ఫోన్‌లో ముందే చెప్పారండీ, రాగి నీళ్ళ గురించి. నేను మాత్రలు మానేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు డాక్టర్‌గారు అలా అడిగాక ఇంటికెళ్ళి మీటర్‌తో చూసుకుంటే షుగర్ బాగా పెరిగిపోయి ఉంది. మళ్ళీ వేసుకుంటున్నాను."

కేసు తేలిపోయిందనుకున్నాను. కానీ ఆవిడ కూర్చోలేదు.

"కానీ డాక్టర్‌గారూ, మీరు నవ్వినప్పుడు నన్ను చూసి నవ్వినట్టే అయింది. నేనూ నమ్మినదాన్నే కదా. అందుకే మీకు థాంక్స్ చెప్పడానికి కూడా రాలేకపోయాను."

మా ఆయన దుప్పటి అంచు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఎదురు ప్రశ్న వేయకపోవడం అదే మొదటిసారి చూశాను.

నేరం చేశాడన్నవాళ్ళని చెయ్యెత్తమన్నారు ఇంజినీరుగారు. సగానికి కాస్త ఎక్కువే చేతులు లేచాయి. నేనూ ఎత్తాను.

"నువ్వు కూడానా?" అన్నారు మా ఆయన, అందరిముందూ.

"అడిగినందుకు కాదండీ, నవ్వినందుకు."

ఏథెన్స్‌లో నేరం రుజువయ్యాక శిక్ష ఏదో ముద్దాయిని కూడా చెప్పమనేవారు. ఆ తత్త్వవేత్త, జీవితాంతం ఊరి ఖర్చుతో నాకు భోజనం పెట్టండి అన్నాడట. దానికి మా ఆయన ఇడ్లీ సాంబార్ మీద ఒక జోకు సిద్ధం చేసుకున్నారని నాకు తెలుసు. ఆయన దుప్పటి మడతపెట్టి, "ఆ భాగం నేను చెప్పనులే," అని కూర్చున్నారు.

మర్నాడు మాస్టారింటికి వెళ్దామని నన్నే డ్రైవ్ చేయమన్నారు. మాస్టారు తలుపు తీసి, లోపలికి రమ్మనకుండా గడపలోనే నిలబడ్డారు.

"అడిగిన ప్రశ్నలకి సారీ చెప్పనండీ," అన్నారు మా ఆయన. "మళ్ళీ అడుగుతాను కూడా. మీరు మాట్లాడుతుంటే నవ్వాను. దానికి సారీ చెప్పడానికి వచ్చాను. తప్పయిపోయింది."

మాస్టారు తలుపు పట్టుకునే ఉన్నారు. చలిగాలి ఇంట్లోకి కొడుతోంది. చివరికి ఆయన భార్య వెనకనుంచి, "తలుపు వెయ్యండి, హీట్ అంతా పోతోంది. లోపలికి రండి వదినా," అంది.

ఆ పూట రెండుసార్లు కాఫీ తాగాం. మాస్టారు టెస్ట్ చేయించుకుంటానని ఒప్పుకోలేదు. మా ఆయన వాదన మానలేదు. లైబ్రరీకి మాస్టారు మళ్ళీ రాలేదు, ఎంతమంది పిలిచినా. కానీ అప్పట్నుంచి మంచు కురిసే రోజుల్లో ఇద్దరూ కలిసి, కొట్లు తెరవకముందే మాల్‌లో వాకింగ్ చేస్తున్నారు. నేనూ, మాస్టారి భార్యా కాస్త వెనకగా నడుస్తాం. ముందు ఒకరు చేతులు ఊపుతూ ఏదో చెబుతుంటారు, రెండోవారు ఆగి అడ్డుతగులుతారు. వాళ్ళు ఆగినప్పుడల్లా మేమిద్దరం వాళ్ళని దాటుకుని ముందుకు వెళ్ళిపోతాం.