ఫ్రీడ్రిష్‌హాగెన్ అనే అబ్బాయి

ఆ మధ్యాహ్నం నేను నిద్రలో కలవరించలేదు. మెలకువగానే ఉన్నాను. ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మొన్న ఆదివారం మా చర్చిలో ఒక పసివాడికి ఫ్రెడ్రిక్ అని పేరు పెట్టారు. పాస్టరుగారు ఆ పేరు పలకగానే మా అత్త, పిన్ని, ఆఖరికి కీబోర్డు వాయిస్తున్న మావయ్య కూడా నా వంక తిరిగి చూశారు. నేను పాటల పుస్తకంలో తల దూర్చాను.

ఇంటర్ అయిన వేసవి అది. విశాఖపట్నంలో డిగ్రీ సీటు, హాస్టల్లో మంచం రెండూ దొరికాయి. కాలేజీ తెరిచేదాకా, తుంటి విరిగి పడుకున్న నాయనమ్మను చూసుకోవడం నా పని. నాన్న పొద్దున్నే అచ్యుతాపురం కంపెనీ బస్సుకు వెళ్తూ గేటుకు బయట తాళం వేసేవారు. లోపల నాకు తోడు, చర్చి అలమరలో దొరికిన పల్చటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి. బెర్లిన్ నగరం అంచున, పెద్ద సరస్సు ఒడ్డున ఉన్న ఫ్రీడ్రిష్‌హాగెన్ అనే పేట చరిత్ర అది. ఎప్పుడో ఒక రాజు పరాయి దేశం నుంచి నూలు వడికేవాళ్ళను రప్పించి, ఇళ్ళిచ్చి, వీధి పొడవునా మల్బరీ చెట్లు నాటించి, పట్టు కూడా తీయమన్నాడట. పట్టుపురుగులు మాత్రం రాజుగారి మాట అంతగా వినలేదు. సరస్సులోకి వచ్చిన నది ఈ పేట దగ్గరే బయటపడి నగరంలోకి పోతుంది. ఆ నది అడుగున మనుషులు నడిచి దాటే సొరంగం ఉంది. కరెంటు పోయిన మధ్యాహ్నాల్లో నేను కళ్ళు మూసుకుని స్టేషన్లో దిగి, మల్బరీ వీధి వెంట నడిచి, సొరంగం దాటి అవతలి అడవిలో తేలేదాన్ని. ఇక్కడ శారదా నది వంతెన దాటాలంటే నాన్నను అడగాలి.

ఒకరోజు నాయనమ్మ నిద్రపోయిందనుకుని, ఆ పేరు ఎలా వినిపిస్తుందో చూద్దామని మెల్లగా పైకి అన్నాను. రెండుసార్లు అన్నాను. నేను నిద్రలో ఎవరి పేరో కలవరించానని నాయనమ్మ చెప్పేసరికి, సాయంత్రం నాన్న కాళ్ళు కూడా కడుక్కోలేదు.

"ఎవడమ్మా ఈ ఫ్రెడ్రిక్?"

"అది ఊరు నాన్నా. జర్మనీలో."

"నిద్దట్లో ఊరి పేర్లు కలవరించినోళ్ళని నేనెక్కడా సూళ్ళేదు."

"పోన్లే అన్నియ్యా," అంది అత్త, "పేరుని బట్టి మనోడేలా ఉన్నాడు."

నేను నిద్రపోలేదని చెప్పాల్సింది. కానీ మెలకువగా ఉండి ఆ పేరు ఎందుకన్నావంటే ఏం చెప్పను? ఊరికే, బాగుందని అన్నానంటే ఎవరు నమ్ముతారు? నాయనమ్మ దుప్పటి సర్దే వంకతో లోపలికి వెళ్ళిపోయాను. నాన్న దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నారు. వైజాగ్ సీటు పోయింది. డిగ్రీ ఇంట్లోనే, ప్రైవేటుగా కట్టాను.

తరవాత రెండేళ్ళూ నాయనమ్మ ఆ మాట ఎత్తలేదు. కిటికీ దగ్గర నేను నిలబడితే మాత్రం వీధిలోకి తనూ తొంగి చూసేది, ఎవరైనా వచ్చారేమోనన్నట్టు. కాలం పోతూనే ఉంటుందంటారు. మా గేటు లోపల మాత్రం అది నాతోపాటే కూర్చుంది. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఆటో వచ్చిన రోజు, దుప్పటి సర్దుతున్న నా చెయ్యి పట్టుకుని, నాన్నకు వినపడకుండా నాయనమ్మ నాతో అన్న ఆఖరి మాట ఇది:

"ఆడింక రాడు గానమ్మా, నువ్వే ఎల్లిపో."