అన్న కాయితానికి లామినేషన్

అన్న ఓడ దిగి వచ్చినప్పుడు మాకు సెంటు బాటిలు, చాక్లెట్లు తెచ్చిండు గని, తన కోసం తెచ్చుకున్నది ఒక్క కాయితమే. ఇంజన్ రూముల ఆర్నెల్లు డ్యూటీ సక్కగ చేసిండని ఓడల చీఫ్ ఇంజనీరు సంతకం పెట్టిచ్చిన కాయితం. అది ముంబై ఆఫీసుల చూపిస్తేనే పరీక్షకు కూసోనిస్తరు. పరీక్ష పాసైతేనే ఆఫీసరు. లేకుంటే నూనె తుడుసుకుంట ట్రైనీగనే ఉండాలె అంటుండె అన్న.

నేనప్పుడు నానక్‌రామ్‌గూడల జిరాక్స్ షాపుల పని చేస్తుంటి. సదివింది పదో తరగతే గని, మిషన్లంటే నాకు భయం లేదు. చుట్టుపక్కల కంపెనీలకు నౌకరీ కోసం వచ్చే పిల్లలంత నాతోనే సర్టిఫికెట్లకు లామినేషన్ చేపిచ్చుకునేటోళ్లు. మా ఇంట్ల రేషన్ కార్డు, అమ్మ బాప్తిస్మం కాయితం, ఆఖరికి ఒక కరెంటు బిల్లుకు గూడ ప్లాస్టిక్ ఏసి పెట్టిన.

తెలంగాణ కోసం బంద్‌లు నడుస్తున్న రోజులవి. అన్న ముంబై పోవాలనుకున్న నాడే బంద్ పడ్డది, బండ్లు తిరగవు. అందుకే ముందురోజే చందానగర్ల ముంబై బస్సు ఎక్కాలనుకున్నడు. పొద్దున ఫైలు నా చేతుల పెట్టి, "చెల్లె, అన్నిటికి రెండు రెండు జిరాక్స్‌లు తీసిపెట్టు. మూడింటికొస్త" అని పోయిండు.

బయట ఒకటే వాన. చీఫ్ సంతకం పెట్టిన ఆ కాయితం మూలకు నూనె వేలిముద్ర ఉంది, మడత కాడ చినిగేటట్టుంది. బస్సుల తడిస్తె ఎట్ల అని నా పానం ఊకోలే. ప్లాస్టిక్ కవర్ల పెట్టి మిషన్లకు తోసిన. తళతళ మెరుసుకుంట బయటికొచ్చింది. అన్న చూసి మురుస్తడనుకున్న.

మా షాపు సార్‌ది కాకినాడ దిక్కు. అన్నం తిని వచ్చి దాన్ని చూసిండు.

"ఇదేంటమ్మా, ఒరిజినలా?"

"అవు సార్. ఇగ తడవది."

"ఆఫీసువాళ్ళు దీని వెనకాల ముద్ర కొట్టొద్దూ? ప్లాస్టిక్ మీద ఎక్కడ కొడతారు? అసలిది ఒరిజినలంటే నమ్ముతారా?"

చెత్తబుట్టల కాయితం ఒకటి తీసి, దానికి లామినేషన్ చేసి, బ్లేడుతోని అంచు కోసి గుంజి చూసిన. అక్షరాలన్ని ప్లాస్టిక్‌తోనే ఊడొచ్చినయి.

"ఆపెయ్. దాన్నిగాని ముట్టుకున్నావంటే ఉన్న సంతకం కూడా పోద్ది" అన్నడు సార్.

మూడింటికి అన్న తడుసుకుంట వచ్చిండు. చెప్పిన. ఆయన కాయితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు.

"ఎందుకు చేసినవే?"

"తడుస్తదని."

"సముద్రంల తడవంది చందానగర్ల తడుస్తదా?"

సార్ మధ్యల వచ్చి, "వెళ్ళి అడిగి చూడండి బాబూ, పోయేదేముంది" అన్నడు.

"పోయేది నాదే కద సార్" అని అన్న ఫైలు సంచిల పెట్టుకొని ఎల్లిపోయిండు.

తెల్లారి బంద్. మా గల్లీ ఆడోళ్లమంత రోడ్డు మీద వంటావార్పు పెట్టినం. నడిరోడ్డు మీద పొయ్యిలు, గుండిగల కిచిడీ, జై తెలంగాణ అని ఒకటే నినాదాలు. నేను గంటె పట్టుకున్న గని, నా పానమంత ఫోన్ల ఉంది. మధ్యాహ్నం మోగింది.

"తీసుకోలే. అదే చీఫ్‌తోని కొత్తది రాపిచ్చుకొని రమ్మన్నరు" అన్నడు అన్న.

"ఆయనేడున్నడు?"

"ఓడ మీద. దిగేసరికి ఐదు నెలలు."

"ఏందే, గంటె తిప్పు, అడుగంటుతుంది" అంటుంది పక్కింటి చిన్నమ్మ. తిప్పిన.

ఆ ఐదు నెలలు అన్న ఇంట్లనే ఉన్నడు. తనతోటోళ్లు ఒక్కొక్కలు పాసై ఓడలెక్కుతున్నరు. నన్ను ఒక్క మాట అనలే. తిట్టినా బాగుండు. నేను షాపు నుంచి రాంగనే ఆయన నోట్‌బుక్కు తీసుకొని ప్రశ్నలడుగుదును. నాతోని అయ్యేది అదొక్కటే.

"బాయిలర్ల నీళ్లు ఏడిదాక ఉన్నయో కనవడకపోతే ఏం చేస్తవ్?"

"మంట ఆపేస్త. నీళ్లు మాత్రం పొయ్య."

"ఎందుకు పొయ్యవు?"

"కాలిన ఇనుము మీద ఆగమాగం పోస్తే పగుల్తది. మంచికే పోసిన అంటే ఇనదు."

నా దిక్కు చూడకుంటనే చెప్పిండు. నేను పేజీ తిప్పిన.

కొత్త కాయితం ఆఖరికి కొరియర్ల వచ్చింది. పరీక్ష మొదటిసారి పోయింది, రెండోసారి అయింది. సర్టిఫికెట్ పట్టుకొని అన్న సీదా షాపుకే వచ్చిండు.

"జిరాక్స్ కావాలె" అన్నడు.

నేను చెయ్యి చాపిన. ఇయ్యలే. కౌంటరు తిరిగి లోపలికొచ్చి, మిషన్ మూత లేపి, అద్దం మీద తనే పెట్టుకున్నడు.

"బటన్ నువ్వు ఒత్తు" అన్నడు.

ఒత్తిన. కాపీలు వచ్చేదాక ఆయన చెయ్యి ఆ మూత మీదనే ఉంది.