ఇది సర్వే కాదు, హాజరీ

సోమవారం. దట్టంగా మంచు. మందారానికి నీళ్ళు పోశాను. బకెట్టు కింద పెట్టేలోపే ఎదురింట్లోంచి మా వదినగారి ఏడుపు వినబడింది. మా తోడల్లుడు నిద్రలోనే పోయారు.

మేమిద్దరం అక్కచెల్లెళ్ళను చేసుకున్నాం. ఉక్కు కర్మాగారంలోనే రిటైరయ్యాం. ఈ హిందీ ఊళ్ళోనే, వైశాలి నగర్‌లో ఎదురెదురుగా ఇళ్ళు కట్టుకున్నాం. ఆయన వరండాలో రెండు కుర్చీలుండేవి. రెండోది ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. మా వరండాలో కుర్చీ వేయాల్సిన అవసరమే రాలేదు. నేను కనబడితే "రా తమ్ముడూ, కూకో" అనేవారు. నేను పనుందనేవాణ్ణి.

ఎన్నికలొస్తే ఆ రెండో కుర్చీకి గిరాకీ. ఎవరికి ఓటేస్తావని ఆయన ఎవర్నీ అడగరు. "మీ ఎదురింటోళ్ళేటి అనుకుంటన్నారు?" అంటారు. ఎదురింటివాళ్ళ పేరు పెట్టి మనిషి తన మనసే చెప్పుకుంటాడని ఆయన నమ్మకం. అన్ని పార్టీలవాళ్ళూ వచ్చేవారు. ఎవరు గెలుస్తారని కాదు, జనం ఎక్కడ కోపంగా ఉన్నారని అడిగేవారు. ఆ వారంలోనే మా వీధి మురుగుకాలువ బాగయ్యేది. "బావ సెప్పబట్టే" అనేది మా ఆవిడ అన్నం వడ్డిస్తూ. నేను మజ్జిగ అడిగి మాట మార్చేవాణ్ణి.

అందుకే ఫోన్ నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు, నొక్కి నొక్కి తెలుసుకున్నాను. ఈసారి వార్డు ఎన్నికలకు వీధి వాట్సాప్ గ్రూపులో నేనే పోల్ పెట్టాను. సాయంత్రానికి దాదాపు అందరూ నొక్కేశారు. ఒక అభ్యర్థి పేరు కింద గీత చివరిదాకా పాకింది. అతని మనుషులు దాన్ని ఫొటో తీసి, సర్వే అని ఊరంతా పంపారు. మర్నాడు ఓట్లడగడానికి వచ్చినవాళ్ళు కాలువ వైపు చూడనైనా లేదు. మా గేటు దగ్గర ఆగి నా పోల్ నాకే చూపించారు. "దేఖియే అంకల్, హవా హమారీ హై!" గాలి వాళ్ళదేనట. అది పెట్టింది నేనేనని చెప్పాలనిపించింది. బకెట్టందుకున్నాను.

ఆయన మాత్రం నొక్కలేదు. వెళ్ళి అడిగాను.

"ఏటన్నయ్యా, మీరు నొక్కలేదేటి?"

"ఎవుడు ఎవుడికి నొక్కేడో పేరుతో కనబడిపోద్ది కదరా. ముందు నొక్కినోళ్ళని సూసి ఎనకోళ్ళు నొక్కుతారు. ఇది సర్వే కాదు తమ్ముడూ, హాజరీ. లేటయితే ఫోర్‌మన్ రాసేసుకుంటాడని గేటుకాడికి పరిగెట్టీవోళ్ళం సూడు, అలాటిది."

ఆ సాయంత్రం నుంచి రెండో కుర్చీకి మళ్ళీ జనం. "గ్రూపులో అలా నొక్కీసేను గానీ అన్నయ్యగారూ, మా ఎదురింటోళ్ళయితే..." అని గొంతు తగ్గించేవారు. నేను మా గేటు దగ్గర మందారానికి నీళ్ళు పోస్తూ చెవి అటే పెట్టేవాణ్ణి. మాట అందేది కాదు, నవ్వు అందేది. ఒకరోజు ఆయన కేకేశారు. "తమ్ముడూ, ఎన్నిసార్లు పోస్తావురా? కుళ్ళిపోద్ది!" మొక్క గురించే అన్నారనుకుంటాను. మర్నాడు ఆ కుర్చీలో మా ఆవిడ కూర్చుని ఉంది. నా పోల్‌లో అందరితోపాటే నొక్కిన మనిషి.

వీధి అసలు మాట ఆయనతోనే వెళ్ళిపోయింది. గ్రూపులో ఆయన ఫొటో కింద దణ్ణం బొమ్మలు వరసగా పడ్డాయి. చూసుంటే హాజరీ అనేవారు.

బుధవారం మా ఆవిణ్ణి అడిగాను, ఆ రోజు కుర్చీలో కూర్చుని ఏం చెప్పావని.

"బావకి సెప్పీసేను కదా, అయిపోనాది."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు నన్నడిగేరేటి? గ్రూపునడిగేరు."

గురువారం. మంచు విడిచింది. ఎల్లుండి పోలింగ్. పొద్దున్న ఎదురింటికి వెళ్ళి రెండో కుర్చీలో కూర్చున్నాను. అక్కడ కూర్చున్నవాళ్ళకి మా గేటు కనబడదు. ఆయన కుర్చీకే కనబడుతుంది, మందారంతో సహా. ఉంటే అడిగేవారు, "మీ ఎదురింటోళ్ళేటి అనుకుంటన్నారు తమ్ముడూ?" అని. నా ఎదురింటివాళ్ళంటే ఆయనే. ఇంటికొచ్చి రోజూ రాసుకునే లెక్కల పుస్తకం తీశాను. పాలు, కూరలు రాశాను. మందారానికి ఈరోజు నీళ్ళు పోయలేదని కూడా రాశాను.