దించడానికి వీల్లేని లుంగీ

బెల్‌బాటమ్ ప్యాంట్లు విశాఖపట్నం వీధుల్ని చీపుర్ల కంటే శుభ్రంగా ఊడ్చే ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు. ఆ వయసులో మనిషికి ఒక పిచ్చి ఉంటే ముచ్చటగా ఉంటుంది, రెండుంటే ఇంట్లోవాళ్లు దిగులు పడతారు. నాకు సరిగ్గా రెండుండేవి. మొదటిది కెమెరా మెడలో వేసుకుని పాత బళ్ల వెంట తిరగడం. పొగ ఇంజనో, రోడ్డు రోలరో, ముక్కు ముందుకు పొడుచుకొచ్చిన పాతకాలం బస్సో కనబడిందంటే చాలు, చేస్తున్న పని మర్చిపోయి నిలబడిపోయేవాణ్ణి. (అమ్మాయిలకేసి కెమెరా తిప్పే ధైర్యం లేక బస్సుల మీద పడ్డానని మా బావ అనేవాడు. అందులో కొంత నిజం లేకపోలేదు.) రెండో పిచ్చి కిల్టు. అది ఎలా పట్టుకుందో చెప్పకపోతే మీరు నన్ను పూర్తిగా అపార్థం చేసుకుంటారు.

పోర్టు దగ్గర ఓడలకు కూరగాయలూ, మాంసమూ, సబ్బులూ అందించే ఒక చిన్న ఆఫీసులో నేను గుమాస్తాని. కంచరపాలెంలో మా అక్కా బావల ఇంట్లో ఉండేవాణ్ణి. ఒకరోజు సరుకుల జాబితా మీద సంతకం కోసం రేవుకి వెళితే, అక్కడ ఓడ ఇంజనీరు ఒకాయన, ఎర్రగా కాలిన మొహం, స్కాట్లాండ్ దొరట, గొంతుకూర్చుని మా పాత ఆవిరి క్రేనుకి ఫొటో తీస్తున్నాడు. అదే క్రేనుని నేను అప్పటికి మూడుసార్లు తీశాను. నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. ప్రపంచంలో నాలాంటివాడు ఇంకొకడున్నాడు! ఆనందం పట్టలేక నేనూ పక్కనే గొంతుకూర్చున్నాను. అంతే, నా బెల్‌బాటమ్ వెనకవైపు కుట్టు మొత్తం పర్రున చిరిగిపోయింది. దొర నా ప్యాంటు చూశాడు, తన మోకాళ్ల దాకా ఉన్న గళ్ల కుచ్చిళ్ల గుడ్డ చూసుకున్నాడు, నవ్వి, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని "కిల్ట్" అన్నాడు. వాళ్ల దేశంలో మగాళ్లు కట్టుకునేదట. ఆ రోజు జాబితా ఫైలు వెనక అడ్డం పెట్టుకుని గోడల వెంబడి ఇంటికి నడుస్తూ, జీవితంలో ఇక నాకు కావలసింది ఏమిటో నిర్ణయించేసుకున్నాను.

పాత ఊరి సందులో మాకు తెలిసిన టైలర్ భాయ్ ఒకాయన ఉండేవాడు. కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే కళ్లద్దాలు పైకి నెట్టి, "లేడీస్ బట్టలు మేం కుట్టం బాబూ" అన్నాడు.

"మగాళ్లదే భాయ్. నాకే."

"అచ్ఛా," అన్నాడు కాగితాన్ని తలకిందులుగా తిప్పి చూసి. "ఇంట్లో పెద్దోళ్లకి తెలుసా?"

వస్తూ వస్తూ కొనుక్కొచ్చిన రెండు ఆకుపచ్చ గళ్ల లుంగీలు ఆయన చేతిలో పెట్టాను. మొదట్లో మొహం చిట్లించినా, గడికి గడి కలిపి కుచ్చిళ్లు పెట్టడం మొదలెట్టాక ఆయనకే సరదా పుట్టింది. ఫిలిం రీళ్లు పెట్టుకోడానికి నడుము ముందు వేలాడే తోలు సంచీ కూడా తనే కుట్టి ఇచ్చాడు.

ఇంటికెళ్లి కట్టుకుని నిలబడితే అక్క వంటింట్లోంచి వచ్చి, "ఓలమ్మో, ఈడేటి, పరికిణీ కట్టీసేడు!" అని గరిటె పట్టుకునే కూలబడిపోయింది.

బావ తాపీగా నా చుట్టూ ఒకసారి తిరిగి, "ఇదేటి బావా?" అన్నాడు.

"కిల్టు."

"గిల్టా? మరి అసలుది ఎక్కడెట్టినావు?"

ఆ రోజు నుంచి అది గిల్టు లుంగీ, నేను గిల్టు బావని. అయినా వెనక్కి తగ్గలేదు. ఆఫీసుకి తప్ప అన్నిచోట్లకీ అదే. కూరల బజారుకీ, గ్రంథాలయానికీ, బీచికీ. (బీచిలో మాత్రం ఒక చెయ్యి ఎప్పుడూ కిల్టు మీదే ఉండాలి. గాలికి మర్యాద తెలీదు.) ఎంత సుఖమో చెప్పలేను. మన ఉక్కపోతకి అంతకు మించిన బట్ట లేదు. బస్సు చక్రాల కింద నుంచి ఫొటో తియ్యాలన్నా హాయిగా గొంతుకూర్చోవచ్చు. తోలు సంచీతో టౌను బస్సెక్కితే జనం నన్ను చూసి "రైల్వే గేటుకి ఒకటియ్యి బాబూ" అనడం ఒక్కటే ఇబ్బంది. అసలు కండక్టరు నన్ను పగవాణ్ణి చూసినట్టు చూసేవాడు.

అసలు చిక్కు వేరే. దాన్ని వీధిలో ఎవరూ ఆడవాళ్ల బట్ట అనుకోలేదు, దొరల బట్ట అంతకన్నా అనుకోలేదు. లుంగీ ఎగ్గట్టుకున్నాననుకునేవారు. మా వైపు లుంగీ మోకాళ్ల పైకి ఎగ్గట్టుకుని ఊరంతా తిరగొచ్చు, ఎవరూ ఏమీ అనరు. కానీ పెద్దవాళ్లు ఎదురుపడ్డారా, వెంటనే దించేయాలి. అది నమస్కారంతో సమానం. నాదేమో దిగదు. తలవంచి నమస్కారం పెట్టినా, నవ్వినా, నా మోకాళ్లు మాత్రం వాళ్లకేసి పొగరుగా చూస్తున్నట్టే ఉండేవి. "మీ తమ్ముడు శానా తలెగరేత్తన్నాడమ్మా" అని వీధిలో ముసలివాళ్లు అక్కకి ఫిర్యాదులు చేసేవారు.

అలాంటి రోజుల్లో, రైలు పట్టాల అవతల రేకుల షెడ్డులో ఉన్న పాత బస్సుని అమ్మేశారని తెలిసింది. ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, చెక్క బాడీ, హేండిల్ తిప్పితే తప్ప లేవని ఇంజను, నొక్కితే భోంయ్‌మనే రబ్బరు బుడ్డి హారను. సోమవారం పొద్దున్నే ముక్కలు కోసి తుక్కుకి పట్టుకుపోతారట. నాకు తెలిసింది ఆదివారం. కొట్లన్నీ మూసేశారు, నా కెమెరాలో మిగిలింది ఒకే ఒక్క బొమ్మ. ఆ బస్సుని తియ్యాలని ఏడాదిగా అనుకుంటూ, వెలుతురు బాగోలేదనీ, వాన పడుతోందనీ వాయిదా వేస్తూ వచ్చిన వెధవని నేనే. పరుగెత్తాను.

షెడ్డు ముందు బస్సుని బయటికి తోసి పెట్టారు. ముప్పై ఏళ్లుగా దాన్ని నడిపిన డ్రైవర్ తాత, తన లుంగీ ఎగ్గట్టుకుని, తడిగుడ్డతో దీపాలు తుడుస్తున్నాడు. మర్నాడు తుక్కయిపోయే బండికి స్నానం చేయిస్తున్నాడు.

"తాతా, బండికి ఒక ఫొటో తీసుకుంటాను."

నన్ను కింద నుంచి పైకి చూశాడు. చూపు మోకాళ్ల దగ్గర ఆగిపోయింది. "ముందు దించు."

"ఇది లుంగీ కాదు తాతా. దిగదు."

"దిగకపోడమేటి? లుంగీ అన్నాక దిగుద్ది."

"దొరల దేశంలో మగాళ్లు కట్టుకునేది, కిల్టని..."

"దొరలకి మర్యాద తెల్దని నువ్వూ మానెత్తావేటి? కంచరపాలెం గుంటడివే గదా. దించితే తియ్యి. నేదంటే ఎల్లు."

బతిమాలాను. గడ్డం పట్టుకున్నాను. ఒప్పుకోలేదు. ఇంటికెళ్లి ప్యాంటు తొడుక్కుందామంటే, ఉన్న ఒక్కటీ చాకలికి వేశాను. బావ లుంగీ తెచ్చుకుందామన్నా, వెళ్లొచ్చేలోగా వెలుతురు పోతుంది. ఎండ బస్సు ముక్కు మీద నుంచి జారిపోతోంది. నాకు నిజంగా ఏడుపొచ్చేసింది. ఫుట్‌బోర్డు మీద కూలబడి, ఆ కిల్టు అంచు పట్టుకుని కసిగా లాగాను. చేతికి మందంగా తగిలింది. తిరగేసి చూద్దును కదా, టైలర్ భాయ్ లోపల జానెడు గుడ్డ మడిచి కుట్టేశాడు! ఎదిగే పిల్లలకి లాగులు కుట్టే అలవాటు ఆయనది. ఇరవై రెండేళ్లవాడిని నేను ఇంకా ఎదుగుతాననుకున్నాడు, మహానుభావుడు.

"తాతా, బ్లేడుందా?"

జేబులోంచి తీసి ఇచ్చాడు. కుట్లన్నీ విప్పడానికి పావుగంట పట్టింది. లేచి నిలబడితే కిల్టు జానెడు కిందికి జారి, మిల్లు ముద్రతో సహా పిక్కల సగానికి దిగింది. ఆ అవతారంలో నన్ను దొర చూసుంటే ఓడ దిగకుండా పారిపోయేవాడు.

"అద్గదీ," అన్నాడు తాత, తృప్తిగా. "ఇప్పుడు తియ్యి."

"నువ్వూ బండి పక్కన నిలబడు తాతా."

చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. బస్సు ముందుకి వచ్చి, ఎగ్గట్టిన తన లుంగీ కూడా నెమ్మదిగా దించి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

నాకు నవ్వొచ్చింది. "నేను చిన్నవాణ్ణి కదా తాతా. నా ముందు నువ్వెందుకు దించడం?"

"నీకేటి దించేది?" అన్నాడు కోపంగా. "బండికిరా. నా పిల్లలందరికీ అన్నమెట్టింది. నిన్ను దించమన్నదీ దానికే. నాకనుకున్నావేటి?"

కెమెరా కళ్లకి అడ్డం పెట్టుకున్నాను. అంతకంటే చేయగలిగింది ఏముంది? కళ్లు తుడుచుకుని, ఊపిరి బిగబట్టి నొక్కాను.

వారం తర్వాత ఫొటో పట్టుకుని షెడ్డుకెళ్తే, ఖాళీ నేల మీద నూనె మరకల పక్కన కూర్చుని ఉన్నాడు. ఫొటోని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, చాలాసేపు చూశాడు. చివరికి, "బండి బాగా వచ్చింది," అన్నాడు. "నానే అడ్డొచ్చినాను."

"అవును తాతా, ఒక దీపం కనబడలేదు," అన్నాను నేను. నిజంగా అన్నాను! ఎన్నో రోజులు ఆ దీపం కోసం బాధపడ్డాను కూడా. ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురైతే చెవి మెలిపెట్టాలని ఉంటుంది, ఆ మీదట కూర్చోబెట్టి టీ ఇప్పించాలనీ ఉంటుంది. ఆ బొమ్మ ఇప్పటికీ మా ముందుగదిలో ఉంది. వచ్చినవాళ్లంతా ఆ బస్సు ఏ సంవత్సరానిది అని అడుగుతారు. నాకు తెలియదు. నేను వాళ్లకి తాత గురించి చెప్పడం మొదలుపెడతాను.